ఖాతాదారు ఖర్చుపై బ్యాంకు పరిహాసమా?

ప్రజల సొమ్మును భద్రపరచడం, అవసరమైనవారికి రుణాలివ్వడం, లెక్కలను సక్రమంగా నిర్వహించడం బ్యాంకుల ప్రధాన బాధ్యతలు. ఖాతాదారు తన సొమ్మును ఎలా వెచ్చిస్తున్నాడో చూసి హాస్యమాడటం ఆ బాధ్యతల్లో ఎక్కడా లేదు. యువతను ఆకట్టుకునే పేరిట ప్రకటనల్లో చమత్కారాల బాట పట్టే ఆర్థిక సంస్థలు ఆ చమత్కారానికి హద్దు ఎక్కడో నిర్ణయించుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఈ విషయంలో అమెరికా అనుభవం గమనార్హం. జె.పి. మోర్గాన్ ఛేజ్ సంస్థకు చెందిన ఛేజ్ బ్యాంకు 2019 ఏప్రిల్ 29న ట్విట్టర్‌లో ఒక వ్యాఖ్య చేసింది. నిల్వ ఇంత తక్కువగా ఎందుకుందని ఖాతాదారు ప్రశ్నించగా, కాఫీ ఇంట్లోనే కాచుకోమని, ఫ్రిజ్‌లో ఉన్నదే తినమని, కూతవేటు దూరానికి ట్యాక్సీ ఎందుకని అతడి ఖాతాయే బదులిచ్చినట్లు ఆ వ్యాఖ్య సాగింది. నిరసనలు వెల్లువెత్తడంతో బ్యాంకు దానిని తొలగించింది. 2008 సంక్షోభంలో పన్ను చెల్లింపుదారులు అదే సంస్థకు 2,500 కోట్ల డాలర్లు సమకూర్చిన సంగతిని సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఘాటుగా గుర్తుచేశారు. ఆ మొత్తాన్ని సంస్థ 2009లో తిరిగి చెల్లించిన మాట నిజమే. అయినా కష్టకాలంలో ప్రజల అండ పొందిన సంస్థ ఆ ప్రజల లేమినే ఎగతాళి చేయడం ఎవరికీ మింగుడుపడలేదు.

ఆ వ్యాఖ్యకు మూడు వారాల ముందే, ఏప్రిల్ 10న, ప్రతినిధుల సభ ఆర్థిక సేవల సంఘం ఎదుట మరో ఉదంతం చోటుచేసుకుంది. గంటకు 16.50 డాలర్ల వేతనంపై ఆ బ్యాంకులో చేరే ఒంటరి తల్లికి అద్దె, తిండి, బిడ్డ సంరక్షణ ఖర్చులు పోను నెలకు 567 డాలర్ల లోటు మిగులుతుందని సభ్యురాలు కేటీ పోర్టర్ లెక్కగట్టి చూపారు. ఆ లోటు పూడ్చుకునే మార్గమేమిటన్న ప్రశ్నకు సంస్థ అధినేత జేమీ డైమన్ సూటిగా సమాధానం చెప్పలేకపోయారు. కాఫీ మానేసినంత మాత్రాన పూడే లోటు కాదది.

మన పరిస్థితి ఇందుకు భిన్నమేమీ కాదు. చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. వివిధ రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదుల్లో తలదాచుకునే విద్యార్థులకు ఇంటి నుంచి అందే సొమ్మో, ఆర్టికల్‌షిప్ కింద లభించే స్వల్ప భృతో ఆధారం. అద్దె, భోజనం, శిక్షణ రుసుము చెల్లించాక నెలాఖరుకు ఖాతా అడుగంటడంలో ఆశ్చర్యం లేదు. దానికి కారణం దుబారా కాదు, రాబడి చాలకపోవడం. అటువంటి విద్యార్థి తాగే టీని చూపి పొదుపు పాఠం చెప్పడం హాస్యం కాదు, అవమానం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మరో ముఖ్యాంశమూ ఉంది. నగదు చెలామణీలో ఉన్న కాలంలో ఖాతాదారు ఎంత తీసుకున్నదీ పాస్‌బుక్ చెప్పేదే గాని, ఆ సొమ్ముతో ఏమి కొన్నదీ చెప్పేది కాదు. 2016లో యూపీఐ ప్రవేశంతో ఆ తెర తొలగింది. 2023 ఆగస్టు నాటికి నెలవారీ యూపీఐ లావాదేవీలు 1,000 కోట్లు దాటాయి. టీ కొట్టు మొదలు మందుల షాపు వరకు ఎక్కడ ఎంత చెల్లించినదీ బ్యాంకు రికార్డుల్లో నమోదవుతోంది. ఇన్ని వివరాలు చేతిలో ఉన్న సంస్థ మన ఖర్చుపై నవ్వితే, అది ఇరుగుపొరుగువారి పరిహాసం వంటిది కాదు. మనల్ని గమనిస్తున్నారన్న భయాన్ని కలిగించేది.

ఖాతాదారు వ్యవహారాలను గోప్యంగా ఉంచాలన్నది బ్యాంకింగ్‌లో చిరకాల నియమం. 1955 నాటి స్టేట్ బ్యాంక్ చట్టంలోనూ, జాతీయీకరణ దరిమిలా 1970లో వచ్చిన చట్టంలోనూ ఈ నియమానికి చోటు దక్కింది. రిజర్వు బ్యాంకు 2014లో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రం ఐదు హక్కులను పేర్కొనగా, వాటిలో గోప్యత ఒకటి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. పేర్లు చెప్పకుండా విసిరే చమత్కారం చట్ట ఉల్లంఘన కాకపోవచ్చు. కాని ఈ నియమాల వెనుకనున్న విశ్వాసానికి మాత్రం అది విఘాతమే.

అసలు ఖాతా ఖాళీ కావడంలో బ్యాంకుల పాత్ర లేదా? కనీస నిల్వ లేదన్న కారణంతో 2017 ఏప్రిల్-నవంబరు మధ్య స్టేట్ బ్యాంక్ వసూలు చేసిన జరిమానాలు 1,771 కోట్ల రూపాయలు. ఆ ఏడాది జూలై-సెప్టెంబరు త్రైమాసికంలో బ్యాంకు ఆర్జించిన నికర లాభం కన్నా ఇది అధికం. విమర్శల అనంతరం 2020లో ఆ జరిమానాలను రద్దు చేయడం హర్షణీయమే. మరోవైపు క్రెడిట్ కార్డులు, వ్యక్తిగత రుణాలు తీసుకోమని పదేపదే పురిగొల్పేదీ బ్యాంకులే. ఈ తరహా రుణాల విజృంభణ ఆందోళన కలిగించబట్టే 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు వాటిపై నిబంధనలు బిగించింది. ఒక చేత్తో ఖర్చుకు ప్రోత్సహిస్తూ, మరో చేత్తో ఖర్చుదారును వేలెత్తి చూపడం విడ్డూరం.

బ్యాంకులు నవ్వకూడదని, పొదుపు గురించి చెప్పకూడదని ఎవరూ అనరు. పొదుపు అలవాటు చేయడం వాటి కర్తవ్యమే. ఖాతాదారు కోరితే ఖర్చుల పట్టిక ఇవ్వవచ్చు. రుసుములను ముందుగా, సులభమైన భాషలో తెలపవచ్చు. నిల్వ తగ్గుతున్నప్పుడు జరిమానాకు ముందే హెచ్చరించవచ్చు. హాస్యమే కావాలనుకుంటే తమ దరఖాస్తు ఫారాల పొడవుపైనా, కౌంటర్ల ముందు నిరీక్షణపైనా చమత్కరించుకోవచ్చు.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినప్పుడు సామాన్యుడు తన కష్టార్జితాన్ని దానికి అప్పగించింది నమ్మకంతోనే. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనా, బ్యాంకింగ్‌కు నమ్మకమే మూలధనమన్న సూత్రం మారలేదు. ఖాతాదారు పేదరికాన్ని వినోద వస్తువుగా మార్చరాదన్న నియమాన్ని బ్యాంకుల యాజమాన్యాలు తమంతట తామే విధించుకోవడం విజ్ఞత అనిపించుకుంటుంది.