పన్ను మనది, తాళం ఎవరిది?

ఇంటి పన్ను కట్టినప్పుడు ఇచ్చే రశీదును ఒకసారి తీసి చూడండి. మిగతా పద్దులతో పాటు గ్రంథాలయ పన్ను కూడా ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను ఉన్న కుటుంబం 80 రూపాయలు గ్రంథాలయం కోసం కడుతోందన్న మాట. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అక్షరం రాని రైతు, లైబ్రరీ గడప ఎన్నడూ తొక్కని కూలీ కూడా కడుతున్న డబ్బు ఇది.

కరోనా కాలంలో ఈ డబ్బు మనకు ఏ విధంగా అక్కరకు వచ్చింది? గడిచిపోయిన కరోనా గురించి ఇప్పుడెందుకు అని కొందరు అడగవచ్చు. రేపు వరదో, కరువో, మరో జబ్బో వస్తే మళ్లీ అదే తిప్పలు పడకూడదు కాబట్టి అడుగుతున్నాం.

ఆ రోజులను ఒకసారి గుర్తు చేసుకుందాం. లాక్‌డౌన్ రాకముందే మనకు దెబ్బ తగిలింది. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు ఫోన్లలో పాకింది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాల వాళ్లు దాణా ఖర్చు కూడా రాక కుదేలయ్యారు. 2020 ఫిబ్రవరి చివర హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి కోడిముక్క తిని చూపించాల్సి వచ్చింది. కోళ్లు పోతే దాణాకు వెళ్లే మక్కల ధర కూడా పోతుంది. ఒక్క అబద్ధం ఇంతమంది కడుపు కొట్టింది. అది అబద్ధమని ఊళ్లో నిలబడి చెప్పే నమ్మకమైన చోటు మాత్రం ఒక్కటీ లేకపోయింది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. అది ద్రాక్ష కోతల కాలం. కూరగాయలు, ఆకుకూరలు, పూలు పొద్దున్నే పట్నం చేరకపోతే పారబోయాల్సిందే. బోయిన్‌పల్లి మార్కెట్ ఏ వేళకు తెరుస్తారు, బండికి పాసు ఎవరిస్తారు, ఏ దారిలో పోనిస్తారు అన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవారు. యాసంగి వడ్లు ఊళ్లలోనే కొంటామన్నారు, టోకెన్లు ఇస్తామన్నారు. మన వంతు ఎప్పుడో తెలియక కుప్పల దగ్గర కాపలా కాశాం. రేషన్ కార్డున్న కుటుంబానికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించారు. ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి ముసలివాళ్లు ఎండలో బ్యాంకుల ముందు వరుస కట్టారు.

ఆ కష్టంలోనూ మన పల్లెలు మనిషితనాన్ని వదులుకోలేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ మీదుగా వలస కూలీలు పిల్లలను చంకనేసుకుని ఉత్తరాదికి నడిచిపోతుంటే రోడ్డు పక్క ఊళ్ల జనం అన్నం, నీళ్లు, మజ్జిగ అందించారు. అమ్ముడుపోని కూరగాయలను ఇంటింటికీ పంచిన రైతులున్నారు. సాయం చేసే చేతులకు కొదవ రాలేదు. సరైన సమాచారం, దాన్ని విప్పి చెప్పే మనిషే కరువయ్యారు.

తర్వాతి నెలల్లో ఈ కరువు మరీ ముదిరింది. 2020 జూన్ 5న, మనం ఇళ్లలో ఉన్న వేళ, కేంద్రం మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తెచ్చింది. వాటిలో ఏముందో మన ఊళ్లలో ఎంతమందికి చదవడానికి దొరికింది? సెప్టెంబర్ 1 నుంచి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ, ఫోను లేని ఇంటి పిల్లలు పక్కింటి గుమ్మంలో నిలబడ్డారు. అదే నెలలో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. అక్టోబర్ 29న శామీర్‌పేట పక్కనే ఉన్న మూడుచింతలపల్లిలో ధరణి పోర్టల్ ప్రారంభమైంది. వీఆర్వోలు చేసిన తప్పులు మనం మరచిపోలేదు. కానీ అడగడానికి ఊళ్లో ఉన్న ఒక్క మనిషి పోయాడు, ఆ స్థానంలో కంప్యూటర్ తెర వచ్చింది. సర్వే నంబర్ తప్పు పడిందో లేదో చూసుకోవడానికి కూడా పైసలు పెట్టి ఇంకొకరిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

టీకా దగ్గరా అదే కథ. కోవాగ్జిన్ తయారైంది ఎక్కడో కాదు, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలోనే. 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ల వాళ్లు కోవిన్‌లో పేరు నమోదు చేసుకుంటేనే టీకా అన్నారు. ఫోను వాడటం రాని వాళ్ల గతేమిటని అదే నెల 31న సుప్రీంకోర్టే కేంద్రాన్ని ప్రశ్నించింది. టీకా తయారైన నేల మీద పుట్టి, టీకా వరుసలో వెనకబడ్డాం.

ఈ పనులన్నిటికీ కావలసింది ఒక గది, ఒక కంప్యూటర్, చదివి చెప్పే ఒక మనిషి. ఆ గదికి మనం ఏటా పన్ను కడుతూనే ఉన్నాం. కానీ 2020 మార్చిలో బడులతో పాటే గ్రంథాలయాలకూ తాళం పడింది. జబ్బు పాకే రోజుల్లో చదువుల గదిలో జనాన్ని కూర్చోబెట్టకపోవడం న్యాయమే. గది బయట చెట్టు కింద ఒక బల్ల వేసి, ప్రభుత్వ ఉత్తర్వులు గోడకు అంటించి, ఫారాలు నింపి పెట్టడానికి మాత్రం అడ్డేమీ లేదు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. అదే ఏడాది అమెరికాలో చాలా గ్రంథాలయాలు తలుపులు మూసినా వైఫై ఆపలేదు. జనం బయట కార్లలో కూర్చుని పనులు చేసుకున్నారు. కెనడాలోని టొరంటోలో కొన్ని గ్రంథాలయ భవనాల్లో తిండి సరుకులు పంచారు. అంతదూరం ఎందుకు, 2020 నవంబర్ 26 నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు సింఘు, టిక్రీ, ఘాజీపూర్‌లలో గుడారాలలోనే గ్రంథాలయాలు నడిపారు. 'ట్రాలీ టైమ్స్' అని సొంత పత్రిక తీశారు. పోరాటానికి బియ్యంతో పాటు అక్షరమూ కావాలని వాళ్లకు తెలుసు. ఆ సంగతి మన పెద్దలకూ తెలుసు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంతో మొదలైన గ్రంథాలయ ఉద్యమంలో నుంచి వచ్చినవారే నిజాం రాజ్యంలో వెట్టిచాకిరికి ఎదురు నిలిచారు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మద్దతు ధర అడిగాం, విత్తనాలు అడిగాం, కరెంటు అడిగాం. గ్రంథాలయ పన్ను లెక్క మాత్రం ఏ గ్రామసభలోనూ గట్టిగా అడగలేదు. లైబ్రరీ అంటే ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలదేనని వదిలేశాం. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున. సమావేశం లేని రోజున వాటిలో ఎన్ని తెరిచి ఉంటున్నాయో మనకు తెలుసు.

ఇప్పుడు ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా తెర ముందు రైతు ఇంకా ఒంటరిగానే ఉన్నాడు. అందుకే ప్రభుత్వాన్ని, జిల్లా గ్రంథాలయ సంస్థను మేం కోరేవి నాలుగు:

1. ప్రతి గ్రామం, ప్రతి పట్టణం నుంచి ఎంత గ్రంథాలయ పన్ను వసూలైంది, అందులో ఎంత సంస్థకు చేరింది, దేనికి ఖర్చయింది అన్న లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టాలి.

2. ప్రతి మండలంలో గ్రంథాలయంలో కంప్యూటర్, ప్రింటర్, నేర్పరి అయిన ఒక మనిషి ఉండాలి. వారంలో రెండు రోజులైనా భూమి రికార్డులు, పింఛన్లు, పంట నష్టం దరఖాస్తుల్లో ఉచితంగా సాయం చేయాలి. కౌలు రైతులకూ ఇది అందాలి.

3. ప్రతి రైతు వేదికలో దినపత్రికలు, వ్యవసాయ విశ్వవిద్యాలయం పుస్తకాలతో ఒక అల్మారా పెట్టి రోజూ సాయంత్రం తెరవాలి.

4. విపత్తు వచ్చినప్పుడు గ్రంథాలయం సమాచార కేంద్రంగా ఎలా పనిచేయాలో ముందే రాసిపెట్టుకోవాలి.

మన వంతు పని కూడా ఉంది. వచ్చే గ్రామసభకు ఇంటి పన్ను రశీదు జేబులో పెట్టుకుని వెళ్దాం. లెక్క అడుగుదాం, చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. ప్రతి ఊరి కమిటీ చదువుకున్న ఇద్దరు పిల్లలను ముందుకు తెచ్చి, వారానికి ఒక సాయంత్రం రచ్చకట్ట దగ్గర పత్రిక చదివి వినిపించే పని మొదలుపెట్టాలి. లైబ్రరీ తాళం తీసేదాకా ఆ రచ్చకట్టే మన లైబ్రరీ.