దేవదూతల సంఘంలో మన వాడకు కుర్చీ ఏదీ?

హైదరాబాదులో 2012లో ఒక సంఘం పెట్టారు. పేరు హైదరాబాద్ ఏంజెల్స్. ఏంజెల్ అంటే దేవదూత. మన వాడలో చర్చికి పోయే ఏ అవ్వనడిగినా, దేవదూత రాత్రిపూట మంద కాసుకునే గొర్రెల కాపర్ల దగ్గరికొచ్చి మొదటి కబురు చెప్పాడని చెప్తుంది. ఈ దేవదూతలు కాపర్ల దగ్గరికి రారు. మనమే వీళ్ళ దగ్గరికి పోవాలి. పోదామన్నా దారి చూపేవాడొకడుండాలి, గేటు దగ్గర మన పేరు చెప్పేవాడొకడుండాలి.

కూలిరేట్ల గొడవ, శ్మశానం స్థలం గొడవ మనకు చాలవా, మళ్ళీ ఈ కొత్త గొడవ ఎందుకు అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాం. సొమ్ము ఎవరి చేతిలో ఉంది, అజమాయిషీ ఎవరిది అనే చోటనే ఈ గొడవలన్నీ పుట్టినయ్.

ముందు సంగతేందో తేటగా చెప్పుకుందాం. ఒక కుర్రాడి దగ్గర ఆలోచన ఉంది, చేతిలో పైసా లేదు. బ్యాంకుకు పోతే తాకట్టు ఏదంటుంది. అప్పుడు డబ్బున్నవాడొకడు తన సొంత డబ్బు 25 లక్షలో 50 లక్షలో తెచ్చి ఇస్తాడు. అప్పుగా కాదు, కంపెనీలో వాటాగా. కంపెనీ మునిగితే ఆ డబ్బు పోయినట్టే. కుర్రాడి ఇంటి తలుపులు పీక్కుపోయేవాడు ఉండడు. కంపెనీ నిలబడితే పెట్టిన రూపాయికి పది రూపాయలో ఇరవయ్యో రాబట్టుకుని, వాటా అమ్ముకుని బయటపడతాడు. ఇట్లా పెట్టేవాణ్ణి ఏంజెల్ ఇన్వెస్టర్ అంటారు. న్యూయార్కులో నాటకాలకు డబ్బు పెట్టే షావుకార్లకు ఆ పేరుండేది. 1978లో విలియం వెట్జెల్ అనే అమెరికా ప్రొఫెసరు కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టేవాళ్ళ మీద పరిశోధన చేస్తూ ఆ పేరే వాళ్ళకూ అంటించాడు.

ఒక్కడే పెడితే ప్రమాదమని వీళ్ళు సంఘాలు కట్టుకున్నారు. 1994లో అమెరికాలో సిలికాన్ వ్యాలీ వాళ్ళు కట్టారు. 2006లో మన దేశంలో ఇండియన్ ఏంజెల్ నెట్‌వర్క్, ముంబై ఏంజెల్స్ వచ్చినయ్. 2007లో చెన్నైలో, 2012లో హైదరాబాదులో. కూలోళ్ళు సంఘం కడితే శాంతిభద్రతల సమస్య అవుతుంది. షావుకార్లు కడితే దాన్ని నెట్‌వర్క్ అంటారు.

ఇప్పుడు మన వాడలోకి వచ్చి చూడండి. మనకొచ్చే డబ్బు ఏ రూపంలో వస్తుంది? గేదెకు అప్పు. ఆటోకు అప్పు. టెంట్‌హౌసుకు అప్పు. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ అని పేరేగానీ దాని వెనక బ్యాంకు అప్పు ముడేసి ఉంటుంది. గేదె చచ్చినా అప్పు బతికే ఉంటుంది. 2016 ఏప్రిల్ 5న స్టాండప్ ఇండియా అన్నారు. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, ఒక మహిళకో 10 లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలన్నారు. అదీ అప్పే. 2025 బడ్జెట్లో మొదటిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్ళలో 2 కోట్ల దాకా అన్నారు. అదీ టర్మ్ లోనే. అప్పు వద్దని మేం అనడం లేదు. అప్పు పుట్టక మన వాళ్ళు నూటికి ఐదు రూపాయల వడ్డీలకు పోయిన రోజులు ఎరుగుదుం. మేం అడిగేదల్లా ఒక్కటే: వాళ్ళ వీధికి వాటాగా పోయే డబ్బు మన వాడకు అప్పుగానే ఎందుకొస్తుంది? వాళ్ళ పిల్లోడు రెండు కంపెనీలు ముంచి మూడోది పెడితే అనుభవం గడించాడంటారు. మనోడు రెండు కిస్తులు తప్పితే ఎగవేతదారు అంటారు.

2010 సంగతి మర్చిపోయారా? ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అనే హైదరాబాదు కంపెనీలో అమెరికా వెంచర్ పెట్టుబడిదార్లు వాటాలు పెట్టారు. ఆ యేడు షేర్లు బజార్లో అమ్మితే 1,600 కోట్లకు పైగా వచ్చింది. ఆ కంపెనీ సరుకేంది? ఇనుమా, సిమెంటా? ఊరూరా మన ఆడోళ్ళు వారం వారం కట్టే కిస్తులు. పైన షావుకారు దగ్గర్నుంచి కంపెనీకి డబ్బు వాటాగా వచ్చింది. కంపెనీ నుంచి మన అక్కలకు అప్పుగా దిగింది. అదే డబ్బు, గుమ్మం దాటంగానే పేరు మారింది. పైవాడికి నష్టభయం ఉన్నందుకు లాభం ఎక్కువ కావాలన్నారు. కిందున్న అక్కకు నష్టమొస్తే భరించిందెవరు? రెండు నెలలకే వసూళ్ళ జులుం మీద ఊళ్ళు భగ్గుమన్నాయి, ఆత్మహత్యల వార్తలొచ్చాయి, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

సరే, ఈ దేవదూతల సంఘాలకు పెద్దలెవరు? ఇది తెలియకుండా మిగతాది తెలీదు. షేర్ మార్కెట్టును చూసే సెబీ 2013లో ఏంజెల్ ఫండ్లకు నియమాలు రాసింది. అందులో చేరేవాడికి ఉంటున్న ఇల్లు లెక్కలోంచి తీసేసినా 2 కోట్ల ఆస్తి ఉండాలి. అదొక్కటే చాలదు. ఇంతకుముందు ఇట్లాంటి పెట్టుబడులు పెట్టినవాడన్నా కావాలి, వరసగా కంపెనీలు పెట్టినవాడన్నా కావాలి, పదేళ్ళు పెద్ద మేనేజరుగా చేసినవాడన్నా కావాలి. 2025 సెప్టెంబరులో దాన్ని ఇంకా బిగించారు. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ అనే ముద్ర ఉన్నవాళ్ళ దగ్గరే ఈ ఫండ్లు డబ్బు తీసుకోవాలన్నారు. ఆ ముద్రకు ఏడాదికి 2 కోట్ల ఆదాయం గానీ, ఏడున్నర కోట్ల ఆస్తి, అందులో సగం డబ్బురూపంలో గానీ ఉండాలి. కోటి ఆదాయం, ఐదు కోట్ల ఆస్తి కలిపి ఉన్నా సరేనన్నారు, ఎంత దయ!

లేనోడు మునిగిపోకూడదనే ఈ నియమం అంటారు. మంచిదే. అగ్రిగోల్డ్‌లో మన కూలోళ్ళు కూలి డబ్బులు కట్టి మునిగినప్పుడు ఈ జాగ్రత్త ఏ బీరువాలో పడుకుందో? ఏమైనా మా తగువు ఆ గీతతో కాదు. గీత లోపల మిగిలిన ఆ కొద్దిమందే ఇట్లాంటి సంఘాల్లో కమిటీలేసుకుంటారు, ఎవరి దరఖాస్తు నిలవాలో ఎవరిది చెత్తబుట్టలో పడాలో వడపోస్తారు. ఆ తర్వాత అందరికన్నా ఎక్కువ పెట్టేవాడొకడు ముందు నడిచి కంపెనీకి ధర కడతాడు. మిగతావాళ్ళు ఆయన వెనక నడుస్తారు. అరుగు మీద పెద్దాయన 'ఊఁ' అంటే పంచాయితీ తీరినట్టే. తనకు ఏం తెలుసో దానికే ధర కడతాడు. వాడలో చావును, చాకిరీని, కల్లాన్ని ఎరగనోడు వాటి నుంచి పుట్టిన ఆలోచనకు ఏం ధర కడతాడు?

కులం లెక్క అడిగితే మేం కులం చూడమంటారు. హైదరాబాద్ ఏంజెల్స్ పుట్టిన 2012లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో ఒక లెక్క అచ్చయ్యింది. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల్లో 9,052 మంది డైరెక్టర్ల కులాలు తీస్తే నూటికి 93 మంది అగ్రకులాలోళ్ళు. ఎస్సీ ఎస్టీలు కలిపి నూటికి మూడున్నర. పదేళ్ళ పెద్ద మేనేజరు అనే గీత ఎవరి చుట్టూ గీసి ఉందో ఇప్పుడు చూడండి.

మా సొంత డబ్బు, మా ఇష్టం అంటారు. ఎక్కడిదయ్యా ఆ సొంతం? 1850ల్లో ధవళేశ్వరం దగ్గర, బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచినయ్. డెల్టాలో వరి విరగపండింది. నాటేసింది, కోసింది, కుప్ప నూర్చింది మన అవ్వలూ తాతలూ. మిగులు వాళ్ళ గాదెల్లో పడింది. ఆ మిగులే రైసు మిల్లు అయ్యింది, సినిమా హాలు అయ్యింది, కాంట్రాక్టు అయ్యింది, ఆ తర్వాత హైదరాబాదుకొచ్చి మందుల కంపెనీ, కార్పొరేట్ ఆసుపత్రి, ఇంజనీరింగ్ కాలేజీ అయ్యింది. ఇటు తెలంగాణలో గడీల కింద వెట్టి చేసినోళ్ళ చెమట దొరల భూములైంది, ఆ భూములు పట్నం చుట్టూ ప్లాట్లయినయ్. ఇవాళ ఆ సొమ్మే రెక్కలు కట్టుకుని దేవదూత పేరుతో తిరుగుతుంది.

మా బడిలో చదివిన కుర్రాడొకడున్నాడు. పాలిటెక్నిక్ చేశాడు. వాళ్ళమ్మ మిరప కల్లాల్లో తాలుకాయ ఏరేది. సాయంత్రానికి చేతులు మంటపుట్టి అన్నం కలుపుకోలేకపోయేది. తాలు ఏరే యంత్రం చెయ్యాలని వాడికి చిన్నప్పటి పట్టుదల. పాత మోటారు, ఒక కెమెరా, ఇనుప రేకులు పెట్టి చేశాడు. నడిచింది కూడా. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పెట్టుబడిదార్ల సభ ఉందంటే పోయాడు. పది నిమిషాలిచ్చారు. యంత్రం గురించి రెండు ప్రశ్నలేశారు, మిగతావన్నీ వాడి గురించే. ఏ కాలేజీ? నాన్నగారేం చేస్తారు? నీతో భాగస్వామి ఎవరు? ఇక్కడ నిన్నెరిగినవాళ్ళెవరు? చివరికి ఎవరైనా తెలిసినవాళ్ళ ద్వారా రా బాబూ అన్నారు. అది ఏ సంఘమో ఇక్కడ రాయం. రాస్తే ఒక్క సంఘం తగువవుతుంది. మేం చెప్పేది తీరు గురించి. కొత్త కంపెనీకి లెక్కల పుస్తకం ఉండదు గనక మనిషిని చూసి పెడతాం అంటారు. మనిషిని చూడ్డమంటే మన దేశంలో ఏందో మీకు వేరే చెప్పాలా? ఎరిగినవాడంటే తమ కాలేజీవాడు, బావమరిది స్నేహితుడు, క్లబ్బులో కలిసినవాడు. కులం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తే అవసరం రాదు. ఆ కుర్రాడిప్పుడు ముద్రా లోనుతో వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. యంత్రం షాపు వెనక గోనెపట్టా కింద ఉంది.

ఈ సంగతి మన ఆడోళ్ళ మీటింగులో చెప్తే ఒకామె లేచి, ఆ యంత్రమొస్తే తాలు ఏరే మా కూలి పోదా సారూ అనడిగింది. సరైన ప్రశ్న. యంత్రానికి ఓనరెవరు అన్నదాన్ని బట్టి ఉంటుంది జవాబు. ఏరే ఆడోళ్ళకే అందులో వాటా ఉంటే కూలి పోయినా యంత్రం మిగులుతుంది. షావుకారుదైతే రెండూ పోతయ్. అందుకే వాటా వాటా అని ఇంతసేపు గొంతు చించుకుంటున్నాం.

నిజంగా వాళ్ళ సొంత డబ్బే అయితే ఒక మాట అని ఊరుకుందుం. కానీ ఇందులో ప్రజల సొమ్ము కలిసింది. 2015 నవంబరులో ప్రభుత్వం టీ-హబ్ పెట్టింది. 2022 జూన్ 28న రాయదుర్గంలో దానికి పెద్ద భవనం తెరిచారు. 2016లో కేంద్రం స్టార్టప్‌ల కోసం 10,000 కోట్ల నిధి పెట్టి సిడ్బీ చేతికిచ్చింది. ఆ డబ్బు కుర్రాళ్ళకు నేరుగా పోదు. పెట్టుబడి ఫండ్లకు పోయి, వాళ్ళు ఏరిన కంపెనీలకు పోతుంది. 2025 బడ్జెట్లో మరో 10,000 కోట్లు అన్నారు. 2012లో వేసిన ఏంజెల్ టాక్సును 2024 జులై బడ్జెట్లో ఎత్తేశారు. మరి ఎస్సీలకు? 2015 జనవరిలో ఎస్సీల వెంచర్ ఫండ్ మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం పెట్టింది 200 కోట్లు. పదివేలెక్కడ, రెండొందలెక్కడ? 2020 సెప్టెంబరు 30న అంబేద్కర్ పేరుతో ఒక పథకం తెచ్చి, ఎస్సీ యువతకు మూడేళ్ళలో 30 లక్షలు వాటాగా ఇస్తామన్నారు. అప్పు కాకుండా వాటా అన్నందుకు అది మంచి అడుగే, కాదనం. కానీ అక్కడా ఇంక్యుబేటర్ల గడప దాటి రావాలి. ఆ గడప మీద కూర్చున్నదెవరు?

దళితబంధు చూశాం గదా. 2021లో హుజూరాబాదులో మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు. జాబితాలు ఎమ్మెల్యేల చేతుల్లో పెట్టారు. కొందరు ఎమ్మెల్యేలు 3 లక్షలు గుంజుతున్నారని 2023 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రే తన పార్టీ మీటింగులో అన్నాడు. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది, పథకం ముందుకు సాగలేదు.

మనవాళ్ళలో రెండు మాటలున్నాయి. 2002 భోపాల్ ప్రకటన తర్వాత, 2005లో దళిత వ్యాపారుల సంఘం డిక్కీ పుట్టిన తర్వాత, మనమే కంపెనీలు పెట్టి ఉద్యోగాలిద్దాం అని కొందరంటున్నారు. బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ రెండూ మన శత్రువులని బాబాసాహెబ్ 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో చెప్పలేదా అని ఇంకొందరంటున్నారు. మేం రెండోవాళ్ళ పక్కనే నిలబడతాం. పదిమంది దళిత కోటీశ్వరులు తయారైతే వాడకు నీళ్ళ పైపు రాదు. అయినా ప్రజల సొమ్ముతో నడిచే గది తలుపు మూసి ఉంటే మాకక్కర్లేదని పక్కకు పోవడం బాబాసాహెబ్ దారి కాదు. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసినాయన ఆయన. ఆ చెరువు నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, 1927లో మహద్ చెరువుకు నడిచింది.

కాబట్టి ఊరూరా మన సంఘాలు రెండు పనులు చెయ్యాలి. లోను మేళా అంటూ ఆఫీసర్లొస్తే, ఇదే డబ్బు వాటాగా ఎందుకివ్వరు, మునిగితే మాతోపాటు మీరెందుకు మునగరు అని అందరి ముందూ అడగండి. జవాబు రాకపోయినా అడగండి. రెండోది, రాష్ట్ర ఐటీ శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, తెల్లకార్డున్నోళ్ళకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. టీ-హబ్‌లో ఇప్పటిదాకా చోటిచ్చిన కంపెనీల్లో ఎస్సీలు పెట్టినవెన్ని, ఎస్టీలు పెట్టినవెన్ని? దరఖాస్తులు వడపోసే కమిటీల్లో వాళ్ళెందరు? ప్రభుత్వ భవనంలో సభలు పెట్టుకునే పెట్టుబడిదార్ల సంఘాలకు ఏం షరతులు పెట్టారు? మీ జిల్లా నుంచి ఎన్ని దరఖాస్తులు పోయినయ్, ఎన్ని నిలిచినయ్? ఈ నాలుగూ విడివిడిగా, సూటిగా రాయండి. జవాబు కాగితం జిరాక్సు మాకు పంపండి, వచ్చింది వచ్చినట్టు అచ్చేస్తాం. జవాబు రాకపోతే దరఖాస్తు పెట్టిన తేదీ రాసి పంపండి, అదీ అచ్చేస్తాం.