మాడపాటి వారి నిదానం

జహీరాబాద్ బస్టాండులో కాసేపు నిలబడితే నాలుగు భాషలు చెవిన పడతాయి. బీదరు బస్సు కోసం ఎదురుచూసేవాళ్ల కన్నడం, టీ కొట్టు దగ్గర ఉర్దూ, సంచులు పక్కన పెట్టుకుని కూర్చున్న పల్లె ఆడవాళ్ల తెలుగు, నడుమ ఎక్కడో మరాఠీ. ఒకే మనిషి తెలుగులో పలకరించి, ఉర్దూలో బేరమాడి, వెంట వచ్చిన చుట్టంతో కన్నడంలో ముచ్చటపెడతాడు. 1956 దాకా ఈ తాలూకా బీదరు జిల్లాలోనే ఉండేది మరి. జిల్లా మారినా నాలుకల అలవాటు మారలేదు.

ఇక్కడ ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఎవరూ నవ్వరు. చిన్న సంగతే, కానీ ఎంత హాయిగా ఉంటుందో! తన భాషలో నోరు విప్పినందుకు ఒక పెద్దమనిషి నిండు సభలో నవ్వులపాలైన రోజు, ఈ ప్రాంతం ఒకప్పుడు భాగమైన హైదరాబాద్ రాజ్యంలోనే ఉంది.

1921 నవంబరు. హైదరాబాద్ వివేకవర్ధినీ థియేటర్లో సంఘ సంస్కరణ సభ. స్త్రీల చదువు కోసం జీవితమంతా ధారపోసిన మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు జరుగుతున్నాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. ఒకటే గోల, వెక్కిరింతలు. సంస్కరణ కోసం కూడినవాళ్లే అలా చేశారంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొందరు తెలుగువాళ్లు కూర్చున్నారు. ఆంధ్ర జనసంఘం అక్కడ పుట్టింది. దాన్ని ఏళ్ల తరబడి భుజాన మోసిన మనిషి మాడపాటి హనుమంతరావు.

ఆయన 1885లో కృష్ణా జిల్లాలో పుట్టారు. సూర్యాపేటలో మేనమామ ఇంట పెరిగారు. హనుమకొండలో గుమాస్తాగా పనిచేశారు, తర్వాత హైదరాబాదులో అనువాదకులయ్యారు, ఆపైన వకీలయ్యారు. ఉర్దూ, పారశీకం బాగా వచ్చు. ప్రేమ్‌చంద్ కథలు ఉత్తరాదిలోనే ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో వాటిని ఉర్దూ నుంచి తెలుగులోకి తెచ్చింది ఆయనే. తెలుగు కోసం సంఘం పెట్టిన మనిషికి ఉర్దూ మీద పగ లేదు. ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా ముందు గుర్తుకొచ్చేది ఇదే.

అవమానం జరిగినప్పుడు మనకు ఏమేమి తోస్తాయో తెలియనిది కాదు. ఎదురు మాట అనాలని ఉంటుంది, నలుగురినీ కూడగట్టాలని ఉంటుంది. జనసంఘం వాళ్లు మాత్రం గ్రంథాలయాలు పెట్టించారు. పాత శాసనాలు, తాళపత్రాలు వెతికించారు. చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేశారు. వాటిలో ఒకటి వెట్టిచాకిరి మీద, ఒకటి చేతిపనులవాళ్లు కట్టే మోతర్ఫా పన్ను మీద, మరొకటి వర్తకుల కష్టాల మీద. అధికారి ఊళ్లోకి వచ్చాడంటే కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, కోమటి సరుకులు ఊరికే ఇవ్వాల్సిన కాలం అది. కాదనే హక్కు తమకుందని పల్లెవాళ్లలో చాలామందికి తెలియదు. సర్కారు ఉత్తర్వుల్లోనే జనానికి పనికొచ్చే మాటలు వెతికి, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం మాడపాటి వారి పద్ధతి.

ఈ నిదానం అందరికీ నచ్చలేదు. మితవాది అన్నారు. 1940లు వచ్చేసరికి, జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ పగ్గాలు కుర్రవాళ్ల చేతికి పోయాయి, దారులు వేరయ్యాయి. వాళ్ల తొందరకూ కారణం ఉంది. దొర గడీలో దెబ్బలు తిన్నవాడిని ఇంకొన్నాళ్లు ఓర్చుకోమనడం ఎవరికైనా కష్టమే. అయినా ఒక్కొక్క పుస్తకం, ఒక్కొక్క బడి అంటూ పోయిన ఈయన నడక మీద నాకు ప్రేమ తగ్గదు.

బడి అంటే నారాయణగూడ బాలికల పాఠశాల గురించి చెప్పాలి. 1928లో మొదలైంది. తెలుగులో చెప్పే ఆడపిల్లల హైస్కూలు. ఉన్నత చదువంటే ఉర్దూలోనే అనుకునే రాజ్యంలో దానికి గుర్తింపు ఎవరిస్తారు? ఉస్మానియా ఇవ్వలేదు. చివరికి ఇచ్చింది పుణేలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం. అవును, ఆనాటి సభకు అధ్యక్షత వహించిన కార్వేయే. తెలుగు మాటకు చోటు దొరకని సభ ఆయనది, తెలుగు పిల్లల చదువుకు చోటిచ్చిన విద్యాలయమూ ఆయనదే. ఆ చేదును మనసులో పెట్టుకుని ఉంటే మాడపాటి వారు ఆ గడప తొక్కేవారు కాదు. అక్కడ ఆగిపోయేది ఎందరు ఆడపిల్లల చదువో!

తర్వాత ఆయనకు పదవులు చాలానే వచ్చాయి. 1951లో హైదరాబాద్ మేయరయ్యారు, ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులయ్యారు, పద్మభూషణ్ అందుకున్నారు. 1970లో కన్నుమూశారు. నాకు మాత్రం వీటన్నిటికన్నా జోగిపేట దగ్గరగా తోస్తుంది. ఇప్పుడది మన జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలోని ఊరే. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజుల్లో, 1930 మార్చిలో, మొదటి ఆంధ్ర మహాసభ అక్కడ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. దాని పక్కనే మహిళల సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆడవాళ్లు గడప దాటడమే గొప్పగా ఉన్న కాలంలో, రాజధానికి దూరంగా ఉన్న ఆ చిన్న ఊళ్లో, ఆడవాళ్లు తమ సభ తాము పెట్టుకుని తమ మాట తాము తెలుగులో చెప్పుకున్నారు.