కసి లేకపోవడం కాదు, లీగ్ లేకపోవడం

2025 నవంబరు 18న ఢాకాలో మన ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. ఆ రాత్రి ఓ టీవీ చర్చలో ఒక పెద్దమనిషి బల్ల గుద్ది మరీ తీర్పు చెప్పాడు: వీళ్లలో కసి లేదట, దేశమంటే లెక్కే లేదట, లేకపోతే బంగ్లాదేశ్ మీద ఓడిపోవడమేమిటట. పక్కనున్నవాళ్లు అవునంటే అవునన్నారు. తెల్లారేసరికి ఊరంతా ఇదే పాట. ఓటమి కన్నా ఈ మాటే నాకు ఎక్కువ మంట పుట్టించింది.

కసిని ఏ తక్కెడలో తూచారు? ఆగస్టు చివర్లో ఓ టోర్నీలో, కోచ్ ఖాలిద్ జమీల్ శిక్షణలో ఈ కుర్రాళ్లే తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించారు. సెప్టెంబరులో అదే టోర్నీలో మూడో స్థానం కోసం ఒమన్‌తో తలపడి, వెనకబడి కూడా స్కోరు సమం చేసి, పెనాల్టీ షూటౌట్‌లో గెలిచారు. అప్పుడున్న దేశభక్తి రెండు నెలల్లో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఢాకాలో మన జట్టు గోల్ కొట్టలేకపోయింది, అంతే. అది ఆట లోపం, గుణం లోపం కాదు.

ఆ గోల్ పడిన తీరు చూడండి. మొదటి పావుగంట కూడా గడవలేదు. వాళ్ల ఆటగాడు మోర్సలిన్ బంతిని ఎడమ వైపు రాకిబ్‌కు వదిలి, తను ఆగకుండా మన పెనాల్టీ బాక్స్ దాకా పరుగు తీశాడు. మనవాళ్లు సర్దుకునేలోపే రాకిబ్ క్రాస్ వేశాడు, మోర్సలిన్ దాన్ని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కాళ్ల మధ్య నుంచి లోపలికి నెట్టాడు. ఎదురుదాడి అంటే అదీ. తర్వాత వాళ్ల గోల్‌కీపర్ తప్పిదంతో మన ఛాంగ్తేకు దొరికిన అవకాశాన్ని హంజా చౌదరి గోల్‌లైన్ దగ్గర తలతో ఆపేశాడు. ఒక జట్టు దొరికినదాన్ని గోల్ చేసుకుంది, ఇంకో జట్టు చేసుకోలేదు. ఇందులో ద్రోహం ఎక్కడుంది?

ఇంగ్లాండ్‌లో పుట్టి బంగ్లాదేశ్‌కు ఆడిన హంజాను చూపించి, మనమూ విదేశాల్లోని భారత సంతతివాళ్లను తెచ్చుకుంటే సరిపోతుందనే వాదన ఒకటి బయల్దేరింది. గోల్ కొట్టిన మోర్సలిన్, అందించిన రాకిబ్ ఇద్దరూ బంగ్లాదేశ్ దేశవాళీ లీగ్‌లో ఆడేవాళ్లే. ఆ వాదనకు ఈ జవాబు చాలు.

ప్రత్యర్థి పేరు పక్కన పెట్టి అసలు లెక్క చూడాలి. ఆసియా కప్ అర్హత పోటీల్లో ఢాకా దాకా మనం ఆడినవి 5 మ్యాచ్‌లు, కొట్టినవి 2 గోల్స్. షిల్లాంగ్‌లో ఇదే బంగ్లాదేశ్‌తో 0-0. హాంకాంగ్‌లో 0-1. సింగపూర్‌తో అక్కడ 1-1, మడ్‌గావ్‌లో 1-2. మడ్‌గావ్‌లో ఓడిన నాడే మన దారి మూసుకుపోయింది. ఆ రోజు ఎవరికీ పరువు గుర్తు రాలేదే! సింగపూర్ మనకు వైరి కాదు కాబట్టి ఆ ఓటమికి ఏడ్చే నాథుడు లేడు. పోటీ నుంచి బయటపడ్డాక ఆడిన మ్యాచ్‌కు మాత్రం జాతి పరువు అంటగట్టారు. బంగ్లాదేశ్ మన మీద గెలిచింది 22 ఏళ్ల తర్వాత, వాళ్లు సంబరం చేసుకోవడం న్యాయం. మనం చేసుకోవాల్సింది శోకం కాదు, సమీక్ష.

సమీక్ష అంటే మైదానం బయటి నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి ఈ ఆటగాళ్లకు లీగ్ ఏది? ఇండియన్ సూపర్ లీగ్‌ను (ఐఎస్‌ఎల్) ఆ జులైలోనే నిలిపేశారు. ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కూ దాని వాణిజ్య భాగస్వామికీ ఒప్పందం గడువు అదే ఏడాది డిసెంబరులో ముగుస్తుందని ఏళ్ల ముందే తెలుసు. అయినా ఆఖరి ఘడియ దాకా నాన్చారు. టెండరు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. గోవాలో సూపర్ కప్ లాంటి కొన్ని మ్యాచ్‌లు తప్ప వీళ్లకు ఆట లేకపోయింది. వారం వారం పోటీ లేని స్ట్రైకర్‌కు గోల్ ముందు కాలు తడబడదా? ఈ ప్రశ్న అడిగితే పెద్దల పేర్లు ఎత్తాల్సి వస్తుంది. కుర్రాళ్లను తిట్టడం సుఖం.

మన తెలుగువాళ్లకైతే ఇంకో గాయం ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. బడిపంతులుగా పనిచేసిన మనిషి. కుడికాలి వాళ్లచేత ఎడమ కాలితో మాత్రమే ఆడించే పోటీలు పెట్టేవారని చెబుతారు. ఆయన దేశభక్తి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు, సాధన చేయించారు. అదే హైదరాబాద్ నుంచి 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో దాని గురించి గొంతు చించుకున్న ఛానల్ నాకు కనబడలేదు.

ఏం చేయాలంటారా? ముందు లీగ్ ఏటా ఆగకుండా నడవాలి. ఆ తర్వాత, క్లబ్బులు సెంటర్ ఫార్వర్డ్ స్థానాన్ని విదేశీయులకు రాసిచ్చేసిన పద్ధతి మారాలి. ఆ పద్ధతి వల్లే 2025 మార్చిలో నలభై ఏళ్ల స్ట్రైకర్ ఛెత్రిని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చింది. ప్రతి క్లబ్బూ ఒక భారతీయ స్ట్రైకర్‌కు ఇన్ని నిమిషాలు ఆట ఇచ్చి తీరాలని నిబంధన పెట్టాలి. ఎన్ని నిమిషాలన్నది కోచ్‌లు కూర్చుని తేల్చుకుంటారు. నిబంధన రాయాల్సింది మాత్రం ఫెడరేషన్, బల్లలు గుద్దేవాళ్లు ముందు దాన్ని నిలదీయాలి.