కోత కూడా నిబంధన కిందిదే

జన్యు సవరణ అనగానే మన పత్రికలు 2018 నాటి చైనా శిశువుల దగ్గరికే వెళ్తాయి. శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ పిండాల్లో సీసీఆర్5 జన్యువును కత్తిరించి జైలుకెళ్లాడని, మన దేశంలో ఆపడానికి చట్టమే లేదని రాసి ముగిస్తాయి. చట్టం లేదనడం తప్పు. సీసీఆర్5 పేరెత్తిన ప్రతి పరిశోధననూ అదే గాటన కట్టడం ఇంకా పెద్ద తప్పు.

బెంగళూరు జీకేవీకే ప్రాంగణంలోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థకు వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో మూలకణ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివారు 2022లో ప్రచురించిన పని సీసీఆర్5 జన్యువు చేసే గ్రాహకం రక్త మూలకణాల్లో తయారు కాకుండా చేయడం గురించి. హెచ్‌ఐవీ కణంలోకి దిగడానికి ఎక్కువగా పట్టుకునేది దాన్నే. మన దగ్గర ఎక్కువగా ఉన్న సి-రకం వైరస్ అయితే మరీను. రక్తకణాల్లో చేసిన మార్పు పిల్లలకు పోదు.

ఇక చట్టం సంగతి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబర్ 5న వచ్చిన నిబంధనలను ఎవరూ తెరిచి చూడరు. పరాయి జన్యువును చొప్పించడమే కాదు, కణంలోని వంశపారంపర్య పదార్థంలో కొంత తొలగించడమూ జన్యు ఇంజినీరింగేనని 3వ నిబంధన నిర్వచించింది. క్రిస్పర్ అనే జన్యు కత్తెర రావడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందే! పర్యావరణ నిబంధనలు మనిషి కణాలకెలా వర్తిస్తాయని కొందరు అడుగుతారు. నిర్వచనంలో 'కణం' అని ఉంది, మనిషిది తప్ప అని లేదు. ఈ నిబంధనల కింద ఏర్పడ్డ జన్యు మార్పుల సమీక్ష కమిటీ (ఆర్‌సీజీఎం)కే మానవ పిండాల జన్యు సవరణ ప్రతిపాదనలూ వెళ్లాలని 2017 మూలకణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా 2022 మార్చిలో కేంద్రం పరాయి డీఎన్ఏ లేని సవరించిన మొక్కలను 7 నుంచి 11 వరకు నిబంధనల నుంచి తప్పించింది. సాంబ మసూరి నుంచి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తెచ్చిన 'కమల' వరి 2025లో బయటికొచ్చింది ఆ దారినే. వర్తించని నిబంధనకు మినహాయింపు ఎందుకిస్తారు? ఆ మినహాయింపు మొక్కలకే. మనిషి కణం ఇంకా లోపలే ఉంది.

కొరవడింది శిక్ష. సవరించిన పిండాన్ని గర్భంలో పెట్టకూడదన్నవి మార్గదర్శకాలే. 2021 సహాయక పునరుత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం 33వ సెక్షన్‌లో పిండాన్ని అమ్మడం నేరం, జంతువులోకి ఎక్కించడం నేరం. సవరించి స్త్రీ గర్భంలో పెట్టడం ఆ జాబితాలో లేదు. 1989 నిబంధనలను మీరితే పర్యావరణ చట్టంలో ఉండిన ఐదేళ్ల వరకు జైలును 2023 జన విశ్వాస్ చట్టం తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. కాలుష్య కేసుల్లో కంపెనీలకు వెసులుబాటు కోసం చేసిన ఈ మార్పు పిండాల దాకా పాకిందని ఎవరైనా గమనించారా అన్నది నా అనుమానం. కొత్త చట్టం, కొత్త కమిషన్ అక్కర్లేదు. 33వ సెక్షన్‌లో ఒక ఉపనిబంధన చేరిస్తే చాలు, అదీ పిండాల వరకే. రక్తకణాల పరిశోధనను అందులోకి లాగితే నష్టపోయేది హెచ్‌ఐవీ రోగులే.