భూమిచ్చిన ఇంటికి ఏ ఉద్యోగం?

మాది న్యాల్‌కల్ మండలం. మా మండలం, పక్కనున్న ఝరాసంగం కలిపి దాదాపు 12,600 ఎకరాల్లో జహీరాబాద్ నిమ్జ్ పెట్టడానికి 2016లో కేంద్రం తుది అనుమతి ఇచ్చింది. అప్పట్నుంచి మా దగ్గర ఎవరు కలిసినా రెండే ప్రశ్నలు: ఎకరానికి ఎంత? ఇంటికో ఉద్యోగం వస్తదా? ఏ ఉద్యోగం అని మాత్రం ఎవరూ అడగట్లేదు. అసలు అడగాల్సింది అదే అంటాను.

ఉదాహరణకి ఎలక్ట్రోస్లాగ్ వెల్డింగ్. సీఎస్ఈ వాళ్లకి ఇదెందుకు అనకండి, రెండు నిమిషాలు చదవండి. జానెడు మందం ఉక్కుని మామూలుగా అతకాలంటే పొర మీద పొర చాలాసార్లు వేయాలి. ఇందులో రెండు ముక్కల్ని సందు వదిలి నిలువుగా నిలబెడతారు. సందుకి రెండు వైపులా, లోపల నీళ్లు పారే రాగి పలకలు బిగిస్తారు. మొదట ఆర్క్ వెలిగి ఫ్లక్స్ పొడి కరిగి స్లాగ్ అవుతుంది, తర్వాత ఆర్క్ ఆరిపోతుంది. ఇక కరెంటు పారుతుంటే స్లాగే వేడెక్కి వైరునీ, ఉక్కు అంచుల్నీ కరిగిస్తుంది. కింద నుంచి పైకి ఒకే విడతలో జాయింట్ నిండిపోతుంది. 1950 ప్రాంతంలో కీవ్‌లోని పాటన్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని ఫ్యాక్టరీలకు పనికొచ్చేలా చేసింది.

కానీ చల్లారడం నెమ్మది కాబట్టి లోహంలో రేణువులు పెద్దవై, జాయింట్ పెళుసు కావొచ్చు. 1977లో పిట్స్‌బర్గ్ దగ్గర ఐ-79 వంతెన గర్డర్ ఇలాంటి జాయింట్ దగ్గరే పగిలింది. వెంటనే అమెరికా ప్రభుత్వం వంతెనల్లో లాగుడు పడే ముఖ్య భాగాలకు ఈ పద్ధతిని ఆపేసింది. మెరుగుపరిచాక 2000లో గానీ మళ్లీ ఒప్పుకోలేదు. అంటే మెషిన్ కొంటే సరిపోదు. సెట్టింగ్ తెలిసినవాడు, అల్ట్రాసోనిక్‌తో లోపాలు పట్టేవాడు, మళ్లీ ఎంత వేడి చేయాలో తెలిసినవాడు కావాలి.

షెడ్లు లేచాక వెతికితే ఆ మనిషి బయటి నుంచే వస్తాడు. చెరుకు, కంది పండే నేల ఇచ్చిన ఇంటి పిల్లాడికి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ మిగుల్తది.

రోబోలు వస్తాయి కదా అంటారు మన క్లాసులో. రానీ. ఎంత కరెంటు, ఎంత వేగం అని రోబోకి చెప్పాల్సింది వెల్డింగ్ తెలిసినవాడే. ఆ కోడ్ రాసే మనం కూడా అతన్నే అడగాలి.

అందుకే ఫ్యాక్టరీల కన్నా ముందు ఇక్కడి పిల్లలకు ఐటీఐలో హెవీ వెల్డింగ్, టెస్టింగ్ సీట్లు రావాలి. భూమిచ్చిన కుటుంబాలకు ఇచ్చే కాగితంలో ఉద్యోగం అని కాదు, ఏ పని, ఏ ట్రైనింగ్ అని రాసి ఉండాలి.