అక్షరాల వేషం

క్రిందటి నెల పెరంబూరులో ఒక పెద్దాయన పోయారు. మన సంఘంలో అందరికీ కావలసినవారు. పెద్దకర్మకు పిలుపు కార్డులు మేమే దగ్గరుండి వేయించాము. అందుకున్న ఒక అత్తయ్యగారు దూరం నుంచే చూసి, "ఎవరి పెళ్ళి నాయనా?" అని నవ్వుతూ అడిగారు. కళ్ళజోడు పెట్టుకుని చదివాక ఆవిడ ముఖం చూడలేకపోయాము. తప్పు ఆవిడది కాదు. కార్డు నిండా బాపు అక్షరాలు!

బాపుగారంటే మాకెంత ప్రేమో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1933లో నరసాపురంలో పుట్టి, 2014లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన గీతకూ రాతకూ చెయ్యి ఒక్కటే. బొమ్మ పక్కన ఆ అక్షరాలుంటే బొమ్మే మాట్లాడినట్టుండేది. ఆ చేతిరాత కంప్యూటరులోకి ఎక్కాక శుభలేఖకూ అదే, మిఠాయి కొట్టు బోర్డుకూ అదే. విసుగు పుట్టిందంటే పుట్టదూ మరి! అయితే ఆ విసుగు పడవలసింది అక్షరాల మీద కాదు, వాటిని ఎక్కడ పడితే అక్కడ కూర్చోబెట్టిన మా బోటివాళ్ళ మీద.

ఇంగ్లీషువారికీ ఈ బాధ ఉన్నది. మైక్రోసాఫ్టు కంపెనీలో విన్సెంట్ కోనేర్ అనే ఆయన, తెరమీద ఒక బొమ్మ కుక్క వార్తాపత్రిక అక్షరాలలో మాట్లాడుతుంటే నప్పలేదని, 1994లో 'కామిక్ సాన్స్' గీశాడు. నప్పడం కోసమే పుట్టిన అక్షరాలన్నమాట. తరువాత అవి నప్పని చోటల్లా వాడి, లోకం వాటినే తిట్టిపోసింది. 2012 జూలై 4న సెర్న్‌లో హిగ్స్ కణం సంగతి ప్రకటించినప్పుడు తెరమీద ఆ అక్షరాలే కనిపిస్తే, కణాన్ని వదిలేసి వాటిని చూసి నవ్వినవారున్నారు.

మాకు ఇంతకన్నా పట్టింపు మరొకటి ఉన్నది. 'థ'కు కడుపులో చుక్క ఉంటుంది, 'ధ'కు ఉండదు. సోకు కోసం అక్షరాన్ని లావు చేసి ఇరికిస్తే ఆ చుక్క పూడిపోతుంది; 'కథ' కాస్తా 'కధ' అయి కూర్చుంటుంది. పెద్దవాళ్ళం అలవాటుకొద్దీ సర్దుకుని చదువుతాము. పిల్లల మాటేమిటి? 2006 నాటి చట్టంతో ఇక్కడి బళ్ళలో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కొక్క తరగతిగా తప్పనిసరి అయింది. మేమెరిగిన చాలా ఇళ్ళలో పిల్లలకు తెలుగక్షరం కనబడేది అమ్మమ్మ దిద్దించే పలక మీదా, ఇటువంటి పత్రికలలోనూ. చూసిందే నేర్చుకుంటారు. మద్రాసులో 1947 జూలైలో మొదలైన 'చందమామ' చూసి కూడబలుక్కుని చదువు నేర్చినవాళ్ళం మాలో ఎందరమో. అందులో అక్షరాలు ఎలా ఉండేవంటే ఇప్పుడు వెంటనే చెప్పలేము. కథలు మాత్రం గుర్తున్నాయి.

అందుచేత వచ్చే నెల నుంచి ఈ పత్రికలో లోపలి పేజీలకు విడివిడిగా, కాస్త పెద్దగా ఉండే అక్షరాలు వేయిస్తున్నాము. రెండు పేజీలు పెరుగుతాయి. ఖర్చు సంఘం భరిస్తుంది. నవ్వుల పేజీకి బాపు అక్షరాలు అలాగే ఉంటాయి.

పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమించమన్నాము. వారి భార్యగారు లోపలి నుంచి ఆ కార్డు తెచ్చి చూపించారు. "ఆయనకు బాపు బొమ్మలంటే ప్రాణం నాయనా, ఒకటి దాచుకున్నాను," అన్నారు. మాకు మాట తోచక కాఫీ తాగి వచ్చేశాము.